చివరి పాటలో పేర్లు

యానిమేలో, అంటే జపాను బొమ్మల సీరియళ్ళలో, మొదటి పాట మొదలైందంటే చాలు, అందరూ పరుగెత్తుతారు. బడికి పోయే పిల్ల పరుగెత్తుతుంది, కత్తి పట్టినవాడు పరుగెత్తుతాడు, వంటవాడు కూడా గరిటె పట్టుకుని పరుగెత్తుతాడు. ఎక్కడికయ్యా అంటే చెప్పేవాడు లేడు. గాలికి జుట్టు ఎగరాలి, వెనక ఆకాశం గిర్రున తిరగాలి, డోలు దెబ్బ పడిన చోట సీరియల్ పేరు తెరమీద ఠపీమని పడాలి. లోకమంతా స్కిప్ నొక్కి దాటేసే ఆ కాస్త పాటను రంజని ఏనాడూ దాటలేదు. ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కొక్క బొమ్మగా జరిపి, దెబ్బ ఎక్కడ పడుతోంది, బొమ్మ ఎక్కడ మారుతోంది అని చూస్తూ కూర్చునేది. ఆమెకు ఎడిటింగ్ నేర్పింది ఆ పాటలే.

తమిళనాట తుడియలూరులో పంపు స్పేర్ పార్టుల అంగడి మేడమీద దినకరన్ స్టూడియో. కింద లేతు మిషన్ కర్రుమంటుంటే, పైన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని రంజని ఊరివాళ్ళ పెళ్ళిళ్ళు కత్తిరిస్తుంటుంది. అన్ని పెళ్ళిళ్ళూ ఒకేలా ఉంటాయి, ఒకేలా కత్తిరించాలి. అలాంటిది ఈసారి పెళ్ళికూతురు త్రిష స్వయంగా మెట్లెక్కి వచ్చింది. ఆ అమ్మాయికీ యానిమే పిచ్చే. "అక్కా, మామూలు వీడియో వద్దు. ముందు ఓపెనింగ్ ఉండాలి, చివర ఎండింగ్ ఉండాలి" అంది తమిళంలో. ఇద్దరూ తమకు నచ్చిన పాటల గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటే, దినకరన్ ఇది పనా, పేరంటమా అన్నట్టు చూసి టీ తాగడానికి కిందికి దిగిపోయాడు.

ఇద్దరికీ ఎక్కువ నచ్చింది ఒకటే. సముద్రం పక్క ఊళ్ళో పాత ట్రాములు బాగుచేసే ఆడపిల్లల కథ అది. దాని చివరి పాటలో ఎవరూ పరుగెత్తరు. పని ముగించిన ఒక పిల్ల షెడ్డుకు తాళం వేసి, వానలో పట్టాల పక్కనే నడుచుకుంటూ ఇంటికి పోతుంది. వానకు తడిసిన గోడలన్నీ నీటిరంగుల్లో కరిగిపోతుంటాయి. ఆ పిల్ల అడుగు సరిగ్గా పాట తాళం మీద పడుతుంది. పక్కన పేర్లు ఒక్కొక్కటిగా పైకి పోతుంటాయి. పాట చివర తెరంతా ఖాళీ అయ్యాక ఒక్క పేరు మాత్రం వచ్చి నిలబడుతుంది. అది దర్శకుడిది. ఆ ఒంటరి చోటే అన్నిటికన్నా పెద్ద మర్యాద అని యానిమే చూసేవాళ్ళందరికీ తెలుసు.

మొదటి పాటకు రంజని పెళ్ళివాళ్ళందరినీ పరుగెత్తించింది. త్రిష స్నేహితురాళ్ళు మండపం మెట్లు ఎక్కుతూ, సాంబారు బకెట్టు పట్టుకున్న వంటవాడు వరసల మధ్య దూరుతూ, మేనమామ వేలుసామి పంచె ఎగగట్టి దండ పళ్ళెంతో వస్తూ. ఆయన కాలు గడపలో పడ్డ క్షణానికి డోలు దెబ్బ కుదరడానికి ఒక పూటంతా పట్టింది.

చివరి పాటకు మాత్రం ఆమె వెతుక్కోకుండానే దొరికింది. కెమెరా కుర్రాడు ఆపడం మరిచిపోయి మండపం వెనక తిరిగిన ముక్క అది. తెల్లారగట్ల వెలుతురు, బోర్లించిన అండాలు, రాళ్ళమీద పారుతున్న సబ్బునీళ్ళు. సామాన్లు కడిగే ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె లేచి, నడుముకు రెండు చేతులూ ఆనించి వెనక్కి వంగింది. మొహం కనబడదు, వీపు మాత్రమే. ఆ వీపు ఎవరిదో రంజనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అది ఆమె తల్లి రాసాత్తి.

సాయంత్రాలు ఇంట్లో రంజని ఫోను గోడకు ఆనించి పెడితే, రాసాత్తి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ వచ్చి పక్కన చేరేది. సబ్బుపొడికి ఆమె వేళ్ళ సందులు చిట్లిపోయి ఉంటాయి. కథ ఆమెకు అక్కర్లేదు, పాటలు వస్తేనే చూస్తుంది.

"మొదటిది పనికి పొయ్యేటప్పటి పాట పాపా, దానికే అందురూ ఉరకతా ఉండారు. ఇది పని ముగించి ఇంటికి వచ్చేటప్పటిది" అని ఒకనాడు తేల్చేసింది. "ఆ పైకి పోతా ఉండే ఎళుత్తులు ఏమివి?"

"పేర్లమ్మా. బొమ్మలు గీసినోళ్ళవి, రంగులు ఏసినోళ్ళవి."

"అందురివీనా?"

"అందురివీ."

రాసాత్తి కాసేపు ఆ అక్షరాలనే చూసింది. "బాగుండాది" అంది.

ఆ బాగుండాది అన్న మాటకే రంజని కరిగిపోయింది. "ఈ కల్యాణం వీడియోలో నీ పేరు ఏస్తా చూడుమా. రక్కమ్మాళ్ అత్త పేరు, మీ సెట్టు అందురి పేర్లూ ఏస్తా" అంది. రాసాత్తి నమ్మనట్టు నవ్వింది గానీ, మర్నాటికి కాలనీ అంతా చెప్పేసింది. సామాన్లు కడిగే సెట్టుకు పెద్ద రక్కమ్మాళ్ ఇంటికే వచ్చి, తన పేరు ముందు ఇనిషియల్ తప్పకుండా ఉండాలని, లేకపోతే ఏ రక్కమ్మాళో ఎవరికి తెలుస్తుందని గట్టిగా చెప్పి మరీ వెళ్ళింది.

*

వీడియో చూడడానికి త్రిషతో మేనమామ వేలుసామి వచ్చాడు. కారమడైలో జవుళి అంగడి ఆయనది. భుజాన తువ్వాలు, నుదుట సన్నని నామం, కూర్చునే ముందు కుర్చీని తువ్వాలుతో ఒకసారి తట్టే మనిషి. మేనమామ దండ వెయ్యనిదే వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళికూతురు పీటలమీదికి రాదు. పెళ్ళిపత్రికలో ఆయన పేరు పడ్డాకే మిగతా లోకం.

మొదటి పాట చూసి ఆయన చిన్నపిల్లాడిలా తొడ చరుచుకున్నాడు. తాను పంచె ఎగగట్టి వచ్చే చోట ఇంకోసారి వెయ్యమన్నాడు. దినకరన్ మొహం వెలిగిపోయింది. తర్వాత చివరి పాట వచ్చింది. నీళ్ళు పారాయి, వెలుతురు వచ్చింది, పేర్లు మెల్లగా పైకి కదిలాయి. పందిరి వేసినవాళ్ళు, పూలు కట్టినవాళ్ళు, వంటవాళ్ళు, సామాన్లు కడిగినవాళ్ళు. ఆ తర్వాత బంధువులు. అన్నీ పోయాక, ఖాళీ తెరమీద, ఒంటరిగా, మేనమామ పేరు: తాయ్‌మామన్ వేలుసామి.

త్రిష కళ్ళు తుడుచుకుంది. వేలుసామి మొహం మాత్రం ముడుచుకుపోయింది. ఆయన మేనకోడలి వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడే తెలుగులో అందుకున్నాడు.

"ఏమే, నా పేరు ఏడ ఏసినారో చూసినావా? సామాన్లు కడిగేటోళ్ళకి కింద! అందురూ అయినాక, పోనీలే పాపం అని ఏసినట్టు!"

"అట్ల కాదు మామా, దీంట్లో కడాకు వచ్చేదే పెద్ద పేరు. యానిమేలో..."

"నీ యానిమే జపానులో పెట్టుకో. మేనమామ పేరు మొదట రావాల. ఈ పిల్లకి మర్యాద అంటే ఏమో తెలిసినట్టు లేదు. పెంచినోళ్ళు నేర్పి ఉంటే గదా తెలిసేకి."

ఆ మాట రంజని చెవుల్లో పడింది. ఆమెకు తెలుగు వచ్చన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఊరవతలి కాలనీ తెలుగు వేరు, ఊళ్ళో పెద్దవీధి తెలుగు వేరు. నోరు తెరిచి రెండు మాటలంటే చాలు, ఏ వీధో, ఏ కులమో, ఇంట్లో ఏ పని చేస్తారో విన్నవాడికి తెలిసిపోతుంది. అందుకే కాలేజీలో చేరిన నాటినుంచి గడప దాటితే ఆమెకు తమిళమే. ఇప్పుడు కూడా ఏమీ అర్థం కానట్టు మౌసు మీద చెయ్యి పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుంది. త్రిష, నువ్వైనా చెప్పక్కా అన్నట్టు ఆమె వైపు చూసింది. చివరి చోటే పెద్ద మర్యాద అని రంజని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

వేలుసామి తమిళంలోకి మారి, తెరవైపు వేలు చూపించాడు. "యారుమ్మా ఇంద రాసాత్తి? తెరిఞ్జవంగళా?"

ఆ పేర్లన్నిటిలో ఆయన కన్ను దానిమీదే ఎందుకు పడిందో! ఊరికే అడిగాడు, అంతే. తెలిసినవాళ్ళా అని అడిగితే అవును, మా అమ్మ అంటే పోయే ప్రాణం ఏదీ లేదు. కానీ పెంచినోళ్ళు అన్న మాట ఇంకా గదిలోనే ఉంది. మా అమ్మ అంటే, ఆ పెంచినావిడ ఇదిగో, మీ ఎంగిలి కడిగినావిడే అని చెప్పినట్టు అవుతుంది.

"తెరియాదు సార్" అంది రంజని, తెలియదని. అక్కడితో ఆగినా బాగుండును. భయం మనిషిని అడిగినదానికన్నా ఎక్కువ చేయిస్తుంది. "మండపం వాళ్ళు ఇచ్చిన పేర్లు. పొరపాటున వచ్చేశాయి. ఇప్పుడే తీసేస్తాను" అని, ఆ పేర్ల వరసనంతా మౌసుతో పట్టి, డిలీట్ నొక్కేసింది.

"నా పేరు మొదట ఉంటే సరి. మిగతాది నీ ఇష్టం" అన్నాడు వేలుసామి, లేస్తూ.

వాళ్ళు వెళ్ళాక రంజని ఆ ముక్కను ఇంకోసారి వేసి చూసింది. పేర్లు లేవు. నీళ్ళు ఊరికే పారుతున్నాయి. తల్లి లేచి, నడుముకు చేతులు ఆనించి, వెనక్కి వంగింది. పక్కన అంతా ఖాళీ. ఎడిటింగ్ చేసినవాళ్ళ పేరూ ఆ వరసలోనే ఉండేది కనుక రంజని పేరు కూడా దాంతోనే పోయింది. తిరిగి పెట్టడానికి ఒక్క మీట చాలు. చెయ్యి దానిదాకా వెళ్ళింది కూడా. రేపు వాళ్ళు చూసి మళ్ళీ అడిగితే? చెయ్యి వెనక్కి వచ్చేసింది.

*

ఇంటికి వచ్చిన రంజని చెప్పులు విప్పకముందే రాసాత్తి అడిగింది. "చూసినారా? బాగుండాది అన్నారా?"

"బాగుండాదన్నారు. పేర్లు మాత్రం పెద్దోళ్ళు వద్దన్నారమ్మా."

అంత సులభంగా వచ్చేసింది ఆ మాట. రాసాత్తి నూనె గిన్నె కింద పెట్టింది. కోప్పడితే బాగుండునని రంజని ఎదురుచూసింది.

"నీకి ఏమీ కష్టం రాలేదు గదా? మా పేర్లు ఏసినావని తిట్టినారా?"

"లేదు."

"అయితే విడు. వాళ్ళ కల్యాణం, వాళ్ళ ఇష్టం. నీ పని బద్రంగా ఉంటే చాలు సామీ."

తిట్టించుకున్నా ఇంత సిగ్గనిపించేది కాదు. ఆ సాయంత్రం ఫోను గోడకు ఆనించింది గానీ, కథ ముగిసి ట్రాముల షెడ్డుకు తాళం పడుతుండగానే రంజని వేలు స్కిప్ మీద పడింది. రాసాత్తి వేళ్ళ సందుల్లోకి నూనె ఇంకేదాకా రుద్దుకుంటూ కూర్చుంది.

*

పెళ్ళయ్యాక కొత్త జంటను పిలిచి పెట్టే మరువీటి విందు కారమడైలో, వేలుసామి ఇంటి పక్కనున్న చిన్న మండపంలో. వంటకు అదే మనిషి, సామాన్లకు అదే సెట్టు. పెద్ద తెర కట్టి వీడియో వెయ్యాలని దినకరన్ రంజనిని లాప్‌టాపుతో పంపించాడు. రాసాత్తి పొద్దున్న బస్సులో సెట్టుతో వెళ్ళింది, రంజని తర్వాతి బస్సులో వెళ్ళింది. బయట పనిలో కలిస్తే పలకరించుకోకపోవడం వాళ్ళకు ఎప్పటినుంచో అలవాటు. ఫలానా రోజునుంచి అని ఎవరూ చెప్పుకోలేదు. కూతురి మొహం చూసి తల్లే నేర్చుకుంది.

మొదటి పంక్తి లేచి రెండోది కూర్చున్నాక వీడియో వేశారు. మొదటి పాటకు మండపమంతా ఈలలు. వేలుసామి పేరు అన్నిటికన్నా ముందు, బంగారు అక్షరాల్లో పడింది. చివరి పాట మొదలయ్యేసరికి వెనక తలుపు దగ్గర సెట్టు ఆడవాళ్ళు తడి చేతులతో వచ్చి నిలబడ్డారు. పేర్లు లేవని వాళ్ళకు తెలుసు. అయినా వచ్చారు. రాసాత్తి అందరికన్నా వెనక, స్తంభం పక్కన నిలబడి ఉంది. తెరమీద తన వీపు లేచి వెనక్కి వంగింది. ఆమె పెదవుల మీద చిన్న నవ్వు వచ్చి, చుట్టూ ఎవరూ గుర్తుపట్టలేదని చూసుకుని, పోయింది. రంజని ఆ నవ్వునూ చూసింది, అది పోవడమూ చూసింది.

రక్కమ్మాళ్ ఊరుకునే మనిషి కాదు. చెయ్యి కడుక్కోవడానికి వేలుసామి పెరటివైపు రాగానే ఎదురు నిలబడి అడిగేసింది.

"మా పేర్లు ఏస్తే మీకి ఏమి తక్కవయిపోతాది సామీ? ఇన్ని ఏండ్లు మీ ఇండ్లల్లో కడగతా ఉండామే. పాపం, మా ఆడోళ్ళు అంత ఆశగా ఉండిరి. మీరేమో వద్దనేస్తిరి."

వేలుసామి తెల్లబోయాడు. ఆ ఆడవాళ్ళతో ఆయన ఎప్పుడూ తెలుగే మాట్లాడతాడు. "నేనా? నేనెప్పుడు వద్దంటి? నా పేరు మొదట ఎయ్యమంటి, అంతే. నాకేమి, కడిగినోళ్ళ పేర్లు ఉంటే ఉండనీ. అవి ఆ పిల్లే తీసేసె."

"పెద్దోళ్ళే వద్దన్నారని గదా మాకి చెప్పినారు!"

"ఎవరు చెప్పె? పిలవండి ఆ పిల్లని."

పిలవనక్కర్లేదు. లాప్‌టాపు సంచీ భుజాన వేసుకుని రంజని తలుపులోనే నిలబడి ఉంది. వేలుసామి తమిళంలో అడిగాడు, వద్దన్నానని నువ్వు చెప్పావా అని. అందరూ ఆమె మొహం వైపు చూశారు. రంజని నోరు తెరిచింది. ఏ భాషలో చెప్పాలో తెలియక తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

అప్పుడు రాసాత్తి కొంగుకు చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"ఆ పాప ఏమీ చెప్పలేదు సామీ. నేనే. పెద్దోళ్ళు వద్దన్నారని నేనే కల్పించి చెప్పేస్తి. తప్పయిపోయె."

రక్కమ్మాళ్ నోరు నొక్కుకుంది. "ఏమే రాసాత్తి, నువ్వా?"

"రాసాత్తివి నువ్వేనా?" అన్నాడు వేలుసామి. "ఆ పేరు నేను చూసినా. ఎవరని అడిగితే ఈ పిల్లే తెలీదనె. నీకి తెలుసునా ఈ పిల్ల?"

రాసాత్తి కూతురి వైపు తిరిగింది. కోపం లేదు ఆ చూపులో. చీకట్లో కాలికి ఏదో తగిలితే ఏమిటా అని వంగి చూసినట్టు చూసింది. రంజని తల దించుకుంది. తల దించుకోవడమే జవాబని రాసాత్తికి అర్థమైంది. ఆమె వేలుసామి వైపు తిరిగి నెమ్మదిగా అంది.

"తెలీదు సామీ. ఆ పాపకి నేనెవురో తెలీదు. నాకీ ఆ పాప తెలీదు."

లోపల పాట ఇంకా ముగియలేదు. భూమి చీలితే బాగుండుననుకోవడం రంజని కథల్లో చదివింది, ఇప్పుడు నిజంగానే అనుకుంది. సంచీ భుజంమీదినుంచి జారి తడి బండలమీద పడింది. దాన్ని తీసుకోలేదు.

"మా అమ్మ సామీ" అంది. కాలనీ తెలుగే వచ్చింది, దాచుకున్న యాసతో సహా. "రాసాత్తి మా అమ్మ. నన్ను పెంచింది ఈమే. తెలీదని ఆ పొద్దు అబద్దం చెప్పింది నేను. పేర్లు తీసేసింది నేను. మీరు వద్దన్నారని చెప్పింది కూడా నేనే."

వేలుసామి ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. "నీకి తెలుగు వస్తాదా?" అన్నాడు. అని, ఇంకేదో అడగబోయి ఆగిపోయాడు. స్టూడియోలో తాను అన్న మాట అప్పుడు గుర్తొచ్చినట్టుంది. రాసాత్తి మొహం చూడలేక, కడుక్కోవలసిన చెయ్యి కడుక్కోకుండానే తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

రక్కమ్మాళ్ మిగతావాళ్ళను రెండో పంక్తి సామాన్లకని తోలుకుపోయింది. తల్లీ కూతురూ మిగిలారు. రంజని రెండడుగులు ముందుకు వేసి, తల్లి చెయ్యి పట్టుకోబోయింది. రాసాత్తి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇప్పుడు చెబితే ఏం లాభం అన్నట్టు తల అడ్డంగా ఆడించింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అది ముందే చెప్పి ఉండకూడదా పాపా?" అంది. "నాకి బిడ్డ లేదని నా నోటితోనే చెప్పించినావు గదే."

కిందపడ్డ సంచీని తీసి, దానికి అంటిన తడి తన కొంగుతో తుడిచి, కూతురి చేతికి ఇచ్చింది. తర్వాత అండాల దగ్గరికి వెళ్ళి, వరసలో తన చోట కూర్చుంది.